పెచ్చులూడిన చోటే కొలువుంది!

మీ ఊళ్లో సీసీ రోడ్డు మీద ఒకసారి తల వంచుకుని నడిచి చూడండి. మాది జనగామ జిల్లా నర్మెట్ట. మా దగ్గరైనా, మీ దగ్గరైనా కథ ఒకటే. పోసిన కొత్తలో నున్నగా మెరిసిన రోడ్డుపై కొన్నేళ్లకు కంకర తేలుతుంది. ఎవరో ఒకరు దానిమీద కొత్తగా సిమెంటు మాలు పూయిస్తారు. ఒకటి రెండు వానాకాలాలు దాటేలోపే ఆ పూత పెచ్చులుగా లేచిపోతుంది.

సివిల్ చదువుతున్నారా? అయితే ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి: ఆ పూత ఎందుకు నిలవలేదు? ‘సిమెంటు తక్కువేశారు’ అనేది చాలామంది నోటికి వచ్చే మొదటి మాట. నేనూ అదే అనుకున్నా.

బీటెక్ రోజుల్లో మా వాకిట్లో గచ్చు అరిగిపోతే నేనే దగ్గరుండి పైపూత వేయించాను. ‘పాతది చెక్కుదామా తమ్మీ?’ అని మేస్త్రీ అడిగాడు. ‘ఎందుకన్నా, కడిగితే చాలు. సిమెంటు మాత్రం బాగా వెయ్’ అన్నా. మరుసటి వానాకాలానికి అరచేయంత ముక్కలు లేచి వచ్చాయి. ఒక ముక్క తిప్పి చూస్తే అడుగుభాగం నున్నగా ఉంది, పాత గచ్చు దుమ్ము దానికి అలాగే అంటుకుని ఉంది. ముక్క మాత్రం రాయిలా గట్టిగా ఉంది. అంటే కొత్త పొరలో లోపం లేదు, పాతదానితో అతుకే పడలేదు. మేస్త్రీ మాట వినుంటే సరిపోయేది.

కాంక్రీటు మరమ్మతు పనికి ఇదే మొదటి పాఠం. నర్మెట్ట వాకిలికైనా, హిమాలయాల్లోని కల్వర్టుకైనా ఇదే వర్తిస్తుంది. ఈ పని శ్రద్ధగా నేర్చుకుంటే ఉద్యోగానికీ పనికొస్తుంది.

ముందు రోగం.. తర్వాతే మందు

అరిగిన స్లాబ్ కనబడగానే పైపూతకు సిద్ధపడొద్దు. ముందు సుత్తితో తట్టండి. ఖణేల్‌మంటే లోపల గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే పొరలు విడిపోయాయన్నమాట. ఆ భాగాన్ని సుద్దముక్కతో గీసి పెట్టుకోండి. పెద్ద సైట్లలో రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పల్స్ వెలాసిటీ పరీక్షలు కూడా చేస్తారు.

తర్వాత కారణం వెతకాలి. పై పొర మాత్రమే దుమ్ములా రాలుతుంటే పోసేటప్పుడు నీళ్లు ఎక్కువైనట్టు, లేదా సరిగా తడపలేదన్నట్టు. దీనికి పైపూత పనిచేస్తుంది. కింద మట్టి కుంగి స్లాబ్ పగిలితే మాత్రం ఎంత మంచి పూత వేసినా అదే గీతలో మళ్లీ పగులుతుంది. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంటే పైన కప్పేయడం జబ్బును దాచిపెట్టడమే. ‘ఇక్కడ పైపూత పనికిరాదు’ అని చెప్పగలగడం కూడా ఇంజినీరు పనే.

అతుకే ఆయువు

పైపూత నిలవాలంటే వరుస తప్పకుండా ఈ పనులు జరగాలి.

చెక్కడం: పోసినప్పుడు పైకి తేలి గట్టిపడిన సిమెంటు పాల పొర చాలా బలహీనం. దాన్ని పూర్తిగా తీసేసి, కంకర కనిపించేలా గరుకు చేయాలి. చిన్న పనైతే ఉలి, సుత్తి చాలు. పెద్ద పనులకు స్కారిఫయర్, షాట్ బ్లాస్టింగ్, హైప్రెజర్ వాటర్ జెట్ వాడతారు.

అంచులు: మరమ్మతు చేసే భాగం చుట్టూ కట్టర్‌తో నిటారుగా కోయాలి. అంచుల్లో మాలును పల్చగా సాగదీస్తే ముందుగా లేచేది అక్కడే.

తడి: దుమ్మంతా ఊడ్చి, కడిగి, పాత కాంక్రీటుకు నీళ్లు తాగించాలి. కానీ పోసే సమయానికి పైన నీరు నిలిచి ఉండకూడదు. లోపల తడి, పైన పొడి. ఎండిన స్లాబ్ కొత్త మాలులోని నీటిని పీల్చేస్తుంది. నిలిచిన నీరేమో అతుకును పలుచన చేస్తుంది.

బాండ్ కోట్: సిమెంటు పాలు గానీ, లేటెక్స్ కలిపిన పూత గానీ బ్రష్‌తో రుద్ది, అది ఆరకముందే పైపొర వేయాలి. ఆరిపోయిందంటే అదే అడ్డుపొర అవుతుంది.

జాయింట్లు: పాత స్లాబ్‌లో ఎక్కడ జాయింట్ ఉంటే కొత్త పొరలోనూ సరిగ్గా అక్కడే ఉండాలి. లేకపోతే పగులు తన దారి తానే వెతుక్కుంటుంది.

తడపడం: ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, వేడి పొడి వాతావరణంలో 10 రోజులు క్యూరింగ్ చేయాలి. పీపీసీ లాంటి మిశ్రమ సిమెంట్లకు ఇవే 10, 14 రోజులు అవుతాయి. మన ఎండల్లో పల్చటి పొర గంటల్లోనే ఆరిపోతుంది. అందుకే పొద్దు వాలాక పోయడం, తడి గోనె సంచులు కప్పడం మన మేస్త్రీలకు అలవాటు. 40 డిగ్రీలు దాటిన ఎండలో కాంక్రీటు పని ఎలా చేయాలో ఐఎస్ 7861 మొదటి భాగం చెబుతుంది. అదే కోడ్ రెండో భాగం చలి గురించి. మనం చూడని ప్రపంచం అక్కడ మొదలవుతుంది.

మంచు కొండల్లో లెక్క వేరు

హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ సంస్థ కశ్మీర్, లద్దాఖ్‌లను కలిపే జోజిలా సొరంగం పనిని 2020లో దక్కించుకుంది. పొడవు సుమారు 13 కిలోమీటర్లు. అదే ఏడాది అక్టోబర్ 3న హిమాచల్‌లో 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ ప్రారంభమైంది. దాన్ని కట్టించింది బోర్డర్ రోడ్స్ ఆర్గనైజేషన్, అంటే బీఆర్ఓ. రెండూ 3 వేల మీటర్లకు అటూ ఇటూ ఎత్తులో ఉన్నవే. ఇలాంటి చోట్ల సొరంగం లోపలికంటే ముఖద్వారాలు, బయటి రోడ్లు, కల్వర్టులు మంచు దెబ్బను ఎక్కువగా తింటాయి. కట్టడం ఒకసారి పూర్తవుతుంది, మరమ్మతు మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

నీరు గడ్డకడితే ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. కాంక్రీటు సన్నటి రంధ్రాల్లోకి పగలు చేరిన నీరు రాత్రి గడ్డకట్టి లోపలి నుంచి ఒత్తుతుంది. తెల్లారితే కరుగుతుంది, మళ్లీ రాత్రికి గడ్డకడుతుంది. ఇలా పదేపదే జరిగితే పై పొర పొలుసుల్లా రాలిపోతుంది. మంచు కరగడానికి ఉప్పు చల్లితే నష్టం ఇంకా పెరుగుతుంది.

దీనికి విరుగుడు గాలి! కలిపేటప్పుడే ఎయిర్ ఎంట్రెయినింగ్ అడ్మిక్చర్ వేసి కంటికి కనిపించనంత చిన్న బుడగలను కాంక్రీటులో చెదరగొడతారు. గడ్డకట్టే నీటికి ఆ బుడగల్లో చోటు దొరుకుతుంది. మంచు తాకిడి ఉండే చోట 20 మిల్లీమీటర్ల కంకర వాడితే గాలి 5 శాతం, ఒక శాతం అటూఇటూగా ఉండాలని ఐఎస్ 456 సూచిస్తుంది. అయితే గాలి పెరిగే కొద్దీ బలం తగ్గుతుంది. ఒక్కో శాతానికి దాదాపు 5 శాతం బలం పోతుందనేది సాధారణ లెక్క. మిక్స్ డిజైన్‌లో దీన్ని ముందే చూసుకోవాలి.

ఇక పోసే రోజు జాగ్రత్తలు. గడ్డకట్టిన పాత స్లాబ్ మీద ఎప్పుడూ పోయకూడదు. ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే దిగితే సిమెంటు గట్టిపడటం బాగా నెమ్మదిస్తుంది. తాజా కాంక్రీటు సుమారు 3.5 మెగాపాస్కల్ బలం అందుకునేదాకా గడ్డకట్టనివ్వొద్దని అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. అందుకే నీళ్లు వేడిచేసి కలుపుతారు. ఆ నీళ్లను ముందు కంకర, ఇసుకలకు కలిపి, తర్వాతే సిమెంటు వేయాలి. మరిగే నీళ్లు నేరుగా సిమెంటుకు తగిలితే అది అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. పోశాక తడి గోనె కప్పితే అదే గడ్డకడుతుంది. అక్కడ వేడి పోకుండా ఇన్సులేషన్ దుప్పట్లు కప్పాలి.

మన దగ్గర పూత లేచిపోతే వచ్చే నెలలో మళ్లీ వేయొచ్చు. అక్కడ పనికి దొరికేది వేసవి నెలలే. ఈ ఏడాది తప్పు చేస్తే సరిదిద్దేది వచ్చే ఏడాదే. అందాకా వాహనాలన్నీ ఆ గుంతల మీదుగానే పోవాలి.

ఉద్యోగాలు ఎక్కడ?

యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష ద్వారా బోర్డర్ రోడ్స్ ఇంజినీరింగ్ సర్వీస్‌లో చేరొచ్చు. డిప్లొమా వాళ్లకు ఎస్ఎస్‌సీ జేఈ ఉంది. బీఆర్ఓ, మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్, సీపీడబ్ల్యూడీ పోస్టులు అందులో వస్తుంటాయి. బీఆర్ఓ పోస్టులకు శారీరక ప్రమాణాలు వేరు, ఎస్ఎస్‌సీ వాటిని పురుషులకే పరిమితం చేస్తూ వచ్చింది. నోటిఫికేషన్ పూర్తిగా చదివాకే దరఖాస్తు చేయండి.

ప్రైవేటులో సికా, ఫోస్‌రాక్ లాంటి నిర్మాణ రసాయనాల కంపెనీలకు సైట్‌కు వెళ్లి సమస్య చూసి పరిష్కారం చెప్పే ఇంజినీర్లు కావాలి. కట్టడాలను పరీక్షించే కన్సల్టెన్సీలు మరో దారి. నేర్చుకోవడానికి హైదరాబాద్‌లో న్యాక్ ఉంది. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ మద్రాస్ వారి ‘మెయింటెనెన్స్ అండ్ రిపేర్ ఆఫ్ కాంక్రీట్ స్ట్రక్చర్స్’ కోర్సు ఉచితంగా వినొచ్చు. కోడ్‌లలో ఐఎస్ 456, ఐఎస్ 7861తో పాటు కాంక్రీటు రోడ్ల మరమ్మతుకు ఐఆర్‌సీ ఎస్పీ 83 చదవండి.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి

ఇంటి వెనక అరిగిన గచ్చు మీద అడుగు వెడల్పున రెండు గళ్లు గీయండి. ఒకటి కడిగి వదిలేయండి. రెండోది చెక్కి, గరుకు చేసి, నీళ్లు తాగించండి. రెండింటిమీదా ఒకే మాలు ఒకే మందంలో వేయండి, ఒకేలా తడపండి. 28 రోజుల తర్వాత రెండింటినీ సుత్తితో తట్టి, ఉలి పెట్టి లేపి చూడండి. ప్రతి దశా ఫోన్‌లో ఫొటో తీసి, తేదీ రాసి పెట్టుకోండి.

రేపు ఇంటర్వ్యూలో ‘పైపూత ఎందుకు లేచిపోతుంది?’ అని అడిగితే పుస్తకం మాట చెప్పక్కర్లేదు. ఆ ఫొటోలు ముందు పెట్టండి. పక్కన మేస్త్రీ ఉంటే అతన్ని కూడా అడగండి. ‘చెక్కుదామా?’ అంటే మాత్రం నాలా వద్దనకండి.