రెక్క కదపకుండా వేడి పుట్టించే ఈగ

హైదరాబాద్ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు ఈ చలికాలం ఒక ప్రశ్న పంపారు. వాళ్ళ ఆఫీసు పై అంతస్తులో కాంక్రీటు అంచు కింద పెద్ద తేనెపట్టు వేలాడుతోందట. "తెల్లవారుజామున షిఫ్టు దిగి వచ్చేసరికి మాకే స్వెట్టర్ చాలడం లేదు. పైన గాలి ఇంకా ఎక్కువ. తొర్ర లేదు, పెట్టె లేదు. ఆ ఈగలు చలికి చచ్చిపోవా? ఏదైనా కప్పమంటారా?" అని అడిగారు. కప్పనక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో చెప్పాలంటే మాత్రం తేనెటీగ ఒంట్లో ఉన్న ఒక కండరం గురించి చెప్పాలి. జీవశాస్త్రంలో నాకు అంతకన్నా ఇష్టమైన విషయం లేదు.

ముందు పరిచయాలు త్వరగా ముగిద్దాం. మన నేల మీద తేనె కూడబెట్టే ఈగలు ముఖ్యంగా నాలుగు రకాలు. కొండరాళ్ళకు, ఎత్తయిన చెట్లకు ఒకే ఒక్క పెద్ద పట్టు పెట్టేది కొండ తేనెటీగ, అంటే ఏపిస్ డార్సేటా. పొదల్లో కొమ్మకు చిన్న పట్టు కట్టేది జుంటి తేనెటీగ. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో వరసగా కొన్ని పట్లు పెట్టేది పుట్ట తేనెటీగ. దీన్ని పెట్టెల్లో పెంచవచ్చు. నాలుగోది యూరప్ నుంచి వచ్చిన ఏపిస్ మెల్లిఫెరా. ఎక్కువ తేనె ఇస్తుంది కాబట్టి పెట్టెల్లో పెంచేవాళ్ళు దీన్నే ఇష్టపడతారు. పాఠకురాలు చూసింది కొండ తేనెటీగ. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం ప్రారంభమయ్యేనాటికి ఆ చుట్టుపక్కలంతా గ్రానైటు గుట్టలు. దుర్గం చెరువు దగ్గర, ఖాజాగూడలో ఇప్పటికీ కొన్ని మిగిలాయి. ఈ ఈగకు కావలసింది నేరుగా వాన పడని, ఎవరి చేతికీ అందని గట్టి అంచు. అది రాయి అయినా, కాంక్రీటు అయినా దానికి ఒకటే.

ఇక చలి సంగతి. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్‌లో రాత్రి ఉష్ణోగ్రత సగటున 14, 15 డిగ్రీలకు దిగుతుంది. చలిగాలులు వీచే రోజుల్లో శేరిలింగంపల్లి వైపు పది లోపుకు పోతుంది. 1946 జనవరిలో నగరం 6.1 డిగ్రీలు కూడా చూసింది. ఒంటరి తేనెటీగ ఒళ్ళు పది డిగ్రీల దగ్గర కొయ్యబారిపోతుంది, పట్టు జారి కింద పడుతుంది. అదే సమయంలో పట్టులోని మైనపు గదుల్లో పెరుగుతున్న పిల్లలకు 33 నుంచి 36 డిగ్రీల వేడి కావాలి. అందులో రాజీ లేదు. 2003లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో యూర్గెన్ టౌట్జ్ బృందం ప్యూపా దశలో ఉన్న ఈగలను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పెంచి చూసింది. 36 డిగ్రీల్లో పెరిగిన ఈగలతో పోలిస్తే 32 డిగ్రీల్లో పెరిగినవి, పూల దారి చెప్పే నాట్యంలోనూ వాసనలు నేర్చుకోవడంలోనూ వెనకబడ్డాయి. నాలుగు డిగ్రీలు తగ్గితే ఈగ తెలివే తగ్గుతుందన్నమాట!

బయట పన్నెండు, లోపల ముప్ఫై అయిదు. మధ్యలో గోడ లేదు. ఈ తేడాను నిలబెడుతున్నది ఈగ ఎగరడానికి వాడే కండరమే.

తేనెటీగ ఎగిరే కండరాలు రెక్కలకు నేరుగా అతుక్కుని ఉండవు. నడిమి భాగం గట్టి డొప్పతో చేసిన పెట్టె. దాని లోపల కండరాలు రెండు జట్లుగా ఉంటాయి. నిలువు జట్టు బిగిస్తే పెట్టె పైకప్పు కిందికి దిగుతుంది, రెక్కలు పైకి లేస్తాయి. పొడుగు జట్టు బిగిస్తే పైకప్పు ఉబ్బుతుంది, రెక్కలు కిందికి వాలతాయి. ఒక జట్టు బిగిసినప్పుడు రెండోది సాగుతుంది, ఆ సాగడమే దాన్ని బిగించే మీట. అందుకే నరాలు ఒక్కో ఊపుకూ ఒక్కో ఆజ్ఞ పంపనవసరం లేకుండానే రెక్కలు సెకనుకు రెండు వందలకు పైగా సార్లు ఆడతాయి.

ఇప్పుడు అసలు చమత్కారం. ఈగ చలి కాచుకోవాలనుకుంటే ఈ రెండు జట్లనూ ఒకేసారి బిగిస్తుంది. ఒకే తలుపును లోపలి నుంచి ఒకరు, బయటి నుంచి ఒకరు సమానమైన బలంతో నెడితే తలుపు కదలదు, ఇద్దరికీ చెమట మాత్రం పడుతుంది. ఈగ లోపల జరిగేది అదే. రెక్క వెంట్రుకవాసి కూడా కదలదు. తాగిన తేనెలోని చక్కెర కండరంలో కాలిపోతూ ఉంటుంది, ఆ శక్తి అంతా వేడిగా మారుతుంది. నిమిషాల్లో నడిమి భాగం 40 డిగ్రీలు దాటగలదు. పొట్ట మాత్రం చల్లగానే ఉండిపోవచ్చు, ఎందుకంటే నడిమి భాగానికీ పొట్టకూ మధ్య ఉన్న సన్నని నడుములో రక్తనాళం మెలికలు తిరిగి ఉంటుంది. ముందుకు పోయే చల్లని రక్తం, వెనక్కి వచ్చే వేడి రక్తం అక్కడ పక్కపక్కనే ప్రవహిస్తూ వేడిని ఇచ్చిపుచ్చుకుంటాయి. అలా పుట్టించిన వేడి పుట్టిన చోటే నిలుస్తుంది.

దీన్ని అర్థం చేసుకోవడంలో పొరబడ్డవాళ్ళు చిన్నవాళ్ళేం కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో జీవరసాయన శాస్త్రవేత్త ఎరిక్ న్యూస్‌హోమ్, ఆయన సహచరులు 1972లో తుమ్మెద జాతి బంబుల్ ఈగ కండరాల్లో ఒక ఎంజైమ్ అసాధారణంగా ఎక్కువ ఉందని గమనించారు. చక్కెరను విరగ్గొట్టే దారిలో ఒక మెట్టును ముందుకు నడిపే ఎంజైమ్ ఒకటి, అదే మెట్టును వెనక్కి తిప్పే ఎంజైమ్ ఇంకొకటి. ఎక్కువగా కనబడింది ఈ రెండోదే. రెండూ ఒకేసారి పనిచేస్తే శక్తి ఖర్చయిపోతూ వేడి పుడుతుంది, కండరం బిగియాల్సిన పనే ఉండదు అని వాళ్ళు ఊహించారు. అందమైన ఊహ. రెక్క కదలడం లేదు, కంటికి వణుకు కనబడటం లేదు, కాబట్టి కండరం ఊరికే ఉందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మరుసటి సంవత్సరమే బెర్న్‌డ్ హైన్రిచ్, ఆన్ కామర్ కండరాల్లోకి సన్నని తీగలు దించి, వేడి పుట్టే ప్రతిసారీ కండరాలకు నరాల నుంచి విద్యుత్ సంకేతాలు అందుతున్నాయని చూపించారు. 1991లో హెరాల్డ్ ఎష్, ఫ్రాంజ్ గోలర్‌లు తేనెటీగల్లో ఆ రెండు జట్ల బిగింపును విడివిడిగా కొలిచి, అవి ఒకదాన్ని ఒకటి ఎలా అడ్డుకుంటున్నాయో తేల్చారు. ఎంజైమ్‌ల చక్రం చాలా జాతుల్లో పెద్ద వేడిని ఇవ్వలేదని 2004లో కెనడా పరిశోధకులు లెక్కగట్టారు. తేనెటీగ నిజంగా వణుకుతుంది. మన కంటికి కనబడని వణుకు అది.

ఈ కండరంతో ఈగలు చేసే పనులు చూడండి. కొన్ని కూలీ ఈగలు పిల్లల గదుల మధ్య ఖాళీగా ఉన్న గదిలోకి తల ముందుగా దూరి, చాలాసేపు కదలకుండా ఉంటాయి. చూసినవాళ్ళు తరతరాలుగా అవి విశ్రాంతి తీసుకుంటున్నాయనుకున్నారు. టౌట్జ్ బృందం వేడిని చూపే కెమెరా పెట్టి చూస్తే అవి నడిమి భాగాన్ని మండించుకుంటూ చుట్టూ ఉన్న గదుల్లోని పిల్లలకు వేడి అందిస్తున్నాయి. జపాన్‌లో మన పుట్ట తేనెటీగ జాతికే చెందిన ఈగలు కందిరీగ చుట్టూ ముద్దగా మూగి, ఇదే కండరంతో 46 డిగ్రీల పైకి వేడెక్కించి దాన్ని చంపేస్తాయని మసాటో ఓనో 1995లో ప్రకటించారు.

చలి దేశాల్లో మెల్లిఫెరా ఈగలు శీతాకాలమంతా పెట్టెలో ముద్దగా కూడుకుంటాయి. బయట 14 డిగ్రీలకు దిగితే ముద్ద బిగుస్తుందని అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన ఫిలిప్స్, డెమూత్ 1914లో ప్రకటించారు. లోపలి ఈగలు వేడి పుట్టిస్తాయి, బయటి పొర ఈగలు రగ్గుగా పనిచేస్తాయి అన్నది వందేళ్ళుగా పాఠం. 2023లో లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డెరెక్ మిచెల్ దీన్ని ఎదిరించారు. ఈగలు దగ్గరగా ఒత్తుకునే కొద్దీ వాటి మధ్య గాలి తగ్గి, వేడి బయటికి పోవడం సులువవుతుంది. కాబట్టి ఆ పొర రగ్గు కాదు, చలికి తాళలేక చేసే ఆఖరి ప్రయత్నం అంటారాయన. ఈగల పెంపకందార్లు చాలామంది ఒప్పుకోలేదు. ముద్ద కుదించుకుంటే చలి తగిలే ఉపరితలం తగ్గుతుంది కదా అన్నారు. అదీ నిజమే. కానీ మిచెల్ వేలు పెట్టి చూపిన లోపం నాకు ముఖ్యమనిపిస్తుంది. చెట్టు తొర్రకు ఉండే మందపాటి గోడ తీసేసి, ఒక అంగుళమైనా లేని చెక్కపెట్టెలో ఈగలను ఉంచి, అవి వణకడం చూసి అదే వాటి సహజ స్వభావమని మనం రాసుకున్నాం.

మరి హైదరాబాద్? ఇక్కడ కథ వేరు, నా లెక్కలో ఇంకా గొప్పది. చలి దేశాల్లో శీతాకాలం నడిమధ్యన రాణి గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. పిల్లలు లేరు కాబట్టి ముద్ద నడుమ ఇరవై పైచిలుకు డిగ్రీలున్నా గడిచిపోతుంది. మనకు చలికాలంలో పూలుంటాయి. కుంకుడు పూస్తుంది, ఆకాశమల్లె పూస్తుంది, జనవరి దాటితే బూరుగు, ఆ వెంటనే మోదుగ. అరకు లోయలో నవంబరు, డిసెంబరుల్లో వలిసెలు విరగబూస్తే పెట్టెల వాళ్ళకు అదే తేనె కాలం. పూలుంటే గుడ్లుంటాయి, గుడ్లుంటే 35 డిగ్రీలు తప్పవు. మన చలి చిన్నదే కానీ, మన ఈగలు ఆ చలిలో పిల్లల్ని పెంచుతాయి.

కొండ తేనెటీగ ఈ పనిని ఆరుబయట చేస్తుంది. పట్టు వెడల్పు మీటరు దాటవచ్చు. దాని రెండు వైపులా ఈగలే పొరలు పొరలుగా, తల పైకి పొట్ట కిందికి పెట్టుకుని వేలాడతాయి. గుంపులో ఎక్కువ భాగం ఈ తెరలోనే ఉంటుంది. బయటి పొర చల్లగా, పిల్లలను ఆనుకున్న లోపలి పొర వేడిగా ఉంటుంది. లోపల గాలి వేడెక్కిపోతే తెర ఈగలు కాళ్ళు చాచి ఒక్కసారిగా కొద్ది మిల్లీమీటర్లు బయటికి జరుగుతాయి, లోపల ఏర్పడిన ఖాళీలోకి తాజా గాలి వస్తుంది. పట్టు మొత్తం ఊపిరి తీస్తుంది! నేపాల్‌లో కొండ తేనెటీగలను చూసి దీన్ని 2016లో ప్రకటించింది ఆస్ట్రియాలోని గ్రాజ్ విశ్వవిద్యాలయానికి చెందిన గెరాల్డ్ కాస్ట్‌బెర్గర్ బృందం.

ఎండ ముదిరితే ఇంకో ఉపాయం ఉంది. వేల ఈగలు ఒక్కసారిగా ఎగిరి, ఒంట్లోని నీటిని, వేడిని మలంతో పాటు వదిలేసి తిరిగి వస్తాయి. కార్ల అద్దాల మీద పడే పసుపు చుక్కలు అవే. ఈ చుక్కలు ఒకసారి ప్రపంచ రాజకీయాలనే కుదిపాయి. లావోస్, కంబోడియాల్లో "పసుపు వాన" పడిందని, అది సోవియట్ విషాయుధమని 1981లో అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్ ఆరోపించారు. హార్వర్డ్‌కు చెందిన మాథ్యూ మెసెల్సన్, ఈగల శాస్త్రవేత్త థామస్ సీలీ ఆ చుక్కల్లో ఉన్నది పుప్పొడి అనీ, అవి తేనెటీగల మలమనీ చూపించారు. 2002లో పశ్చిమ బెంగాల్‌లోని సంగ్రామ్‌పూర్‌లో రంగు వాన కురిసి జనం భయపడితే, కారణం ఇదేనని తేలింది.

ఇంతకీ పాఠకురాలి ప్రశ్న. పట్టుకు ఏమీ కప్పకండి. ప్లాస్టిక్ కప్పితే తెర ఊపిరి ఆగుతుంది, తేమ నిలుస్తుంది. పెట్టెల్లో పుట్ట తేనెటీగలు పెంచేవాళ్ళకు ఇక్కడ చలికాలం పని కొంచెమే. ఉదయపు ఎండ తగిలేలా పెట్టె ఉంచాలి, గాలి నేరుగా కొట్టకుండా ద్వారం చిన్నది చేయాలి, పొద్దెక్కకముందు మూత తెరవకూడదు, తేనె అంతా పిండుకోకుండా పిల్లలకు వేడి పెట్టే ఇంధనం వాటికి వదలాలి. శిక్షణ కావాలంటే రాజేంద్రనగర్‌లోని జాతీయ వృక్ష ఆరోగ్య నిర్వహణ సంస్థలో దొరుకుతుంది.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. చాలా భవనాల్లో పట్టు కనబడగానే రాత్రి పూట మందు కొట్టిస్తారు, లేదా కాగడా పెట్టిస్తారు. కొండ తేనెటీగ కుట్టడం ప్రమాదమే, గుంపుగా కుడితే ప్రాణం పోవచ్చు, తాళ్ళ మీద వేలాడుతూ అద్దాలు తుడిచే కార్మికుల భద్రత ముందు. కానీ ఈ ఈగ శాశ్వతంగా ఉండిపోయేది కాదు. పూత తగ్గితే తనంతట తాను వలసపోతుంది. అదే రాణి నెలల తర్వాత అదే చోటికి తిరిగివచ్చిందని అస్సాంలో డీఎన్ఏ పరీక్షలతో 2000లో రుజువైంది. అప్పటికి వెళ్ళిన కూలీ ఈగలు ఒక్కటీ బతికి ఉండవు.

భవనాల నిర్వాహకులకు నా విన్నపం ఇది. ఈగలు వెళ్ళేవరకు ఆ వైపు అద్దాలు తుడిపించకండి. పట్టు కింద తాడు కట్టి మనుషుల్ని పక్కదారి పట్టించండి. వెలుతురుకు ఈ ఈగలు రాత్రిపూట కూడా లేచి వస్తాయి కాబట్టి ఆ వైపు దీపాలు ఆర్పండి. తప్పనిసరిగా తీయాల్సి వస్తే, చంపకుండా పట్టు తీయడం తెలిసినవాళ్ళనే పిలవండి.