పోడు శబ్దము – అర్థపరిణామము

ఖమ్మము, భద్రాచలము అడవిసీమలలో 'పోడు' అను దేశ్యపదము నేఁడు పత్రికలందును, గ్రామసభలందును, న్యాయస్థానములందును తఱచుగా వినవచ్చుచున్నది. తాతలనాఁడు ఈ పదము చెప్పిన యర్థము వేఱు, ఇప్పుడు చెప్పుచున్న యర్థము వేఱు. ఈ భేదము నెఱుఁగనిచో ఆ సీమలోని భూవివాదము సగము కూడ బోధపడదు.

పూర్వము ఇది క్రియతోఁ గూడియే వ్యవహారమున నుండెను. పోడు కొట్టుదురు, పోడు కాల్తురు. చెట్లను నఱకి, ఎండినపిదపఁ గాల్చి, తొలకరికి ఆ బూడిదలో జొన్న, సామ, కొఱ్ఱ, కంది మున్నగువానిని విత్తుదురు. కొన్నియేండ్లు పండించి, నేలసారము తగ్గఁగానే ఆ చోటు విడిచి వేఱొకచోటికిఁ బోవుదురు. విడిచినచోట అడవి మరల పెరుగును. పెరిగినపిదప మరల అచ్చటికి వత్తురు. కావున విడుచుట కూడ పోడునందు ఒక యంగమే. కొండరెడ్లలో దీనికి రెండు భేదములు కలవు: కొండవాలున నాఁగలి లేకయే చేయునది కొండపోడు, చదునునేలఁ జేయునది చెలకపోడు. గోదావరికి ఎడమదరి భద్రాచలము మద్రాసు ప్రభుత్వము క్రిందను, కుడిదరి పాల్వంచ నిజాము క్రిందను ఉన్నకాలమున గూడ పదము రెండుదరులను ఒక్కటియే. భద్రాచలము ఖమ్మము జిల్లాలోఁ జేరినది 1959లో.

మార్పు నిన్నటిది కాదు. 1945లో హైమెండార్ఫు కొండరెడ్లనుగూర్చి ప్రకటించిన గ్రంథముననే, కొండదిగి నాఁగలి పట్టినవారును, గుత్తదారులకు వెదురు నఱకు కూలికిఁ బోవువారును కానవత్తురు. నేఁడు పోడనఁబడు నేలలోఁ బెక్కింట ఏఁటేఁట అచ్చటనే దున్నుచున్నారు. పండించునది ప్రత్తి, మిరప. కొన్నియెడల సారపాక కాగితపు మిల్లునకుఁ బనికివచ్చు జామాయిలు. శబ్దమునకుఁ దోడైన మాటలును మాఱినవి: పోడుభూమి, పోడుపట్టా, పోడురైతు. ఈ కడపటి సమాసము వైయాకరణులకు రుచింపకపోవచ్చును. దేశ్యమునకు అరబ్బీమూలమైన 'రైతు' తోడైనది. క్రియకుఁ బేరైనది ద్రవ్యమునకుఁ బేరయ్యెను.

శాస్త్రమున దీనిని నిరూఢలక్షణ యందురు. దర్భలు కోయువానిఁ దెలుపు 'కుశల' శబ్దము నేర్పరి యను నర్థమున నిలిచినది. దర్భల తలంపు పోయినందున ఎవనికిని నష్టము లేదు. పోడు విషయమున ఈ పోలిక ఇంతటితో ఆఁగును. ఇచ్చటఁ బ్రాఁతయర్థము చావలేదు. 2006నాఁటి అటవీహక్కుల చట్టము, 2005 డిసెంబరు 13 నాఁటికి ముందునుండి భూమి స్వసాగులో నున్న గిరిజనునకు, సాగున్నంతమేర, 4 హెక్టార్లకు మించకుండ హక్కు నిచ్చును. పూర్వాచారము ననుసరించి నేలను బీడువిడిచి పోయినవానికిఁ జూపుటకు సాక్ష్యము స్వల్పము. కదలక దున్నినవానికి సాక్ష్యము కాళ్లక్రిందనే కలదు. పోడును మానినవానికే పోడుపేర హక్కు సులభమైనది! ఇఁక ఎదిరిపక్షము 'పోడు' అనఁగా అడవి నఱకుట యను ప్రాఁతయర్థమునే పట్టుకొని, దున్నువానిని దోషిగాఁ జూపును. ఒకే పదమును ఇరుపక్షములవారును రెండర్థములఁ బలికి వాదించుచున్నారు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలమున ఇట్టి భూవివాదమున ఒక అటవీశాఖాధికారి ప్రాణము గోల్పోయెను. మఱుసటి యేఁడు తెలంగాణ ప్రభుత్వము సుమారు 4 లక్షల యెకరములకు పట్టాలు పంచినది.

పని మాఱినను పేరు విడువకుండుటకుఁ గారణము మూఢత కాదు. 'రైతు' అనుమాట బ్యాంకునకును కచ్చేరికిని వలయును. 'పోడు' అనుమాట ఆ నేలతోఁడి తాతలనాఁటి సంబంధమునకు వలయును. కోయలు విత్తులకు ముందు భూమిపండుగ చేయుట నేఁటికిని కలదు.

మన నిఘంటువులలో ఈ రెండర్థములును వేఱువేఱుగఁ జూపవలసియున్నది. అంతకంటెఁ ద్వరపడవలసినపని మఱొకటి. విడిచిననేలకు, మరల వచ్చుటకు, అడవి తిరిగి పెరిగిన మేరకు వాడుమాటలు ఆ జీవనముతోడనే పోవును. కొండరెడ్లు మాటలాడునది తెలుఁగే. వారి గ్రామములు కొన్ని పోలవరము మునుఁగుసీమలో నున్నవి.