డ్రగ్స్ కేసు ఒకరిది.. పస్తులు ఇంటందరివా? అమెరికా ఫుడ్ స్టాంపుల రూలు ఏం చెబుతోంది

అమెరికాలో హత్య కేసులో శిక్ష పూర్తి చేసుకుని, పెరోల్ నిబంధనలన్నీ పాటిస్తున్న మనిషి ఫుడ్ స్టాంపులకు అప్లై చేసుకోవచ్చు. అదే డ్రగ్స్ దగ్గర పెట్టుకున్న కేసులో జైలుకెళ్లి బయటికొచ్చిన మనిషికి మాత్రం 1996 నాటి కేంద్ర చట్టం ఆ తలుపును జీవితాంతం మూసేసింది. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు ఈ నిషేధాన్ని ఎత్తేశాయి, లేదా సడలించాయి. ఆ సంగతి తెలియకపోతే మాత్రం ఏ తప్పూ చేయని పిల్లలకు రావాల్సిన తిండి కూడా రాకుండా పోతుంది.

చికాగో, హ్యూస్టన్, న్యూజెర్సీ లాంటి చోట్ల మన బంధువులు లేని వీధి హైదరాబాద్‌లో తక్కువ. అక్కడ పిల్లాడి మీద డ్రగ్స్ కేసు పడిందంటే ఇక్కడి తల్లిదండ్రులు పరువు కోసం నోరు విప్పరు. అక్కడి కోడలు కూడా ఎవరినీ అడగదు. "కేసు ఉంది కదా, మనకేమీ రాదులే" అని అప్లికేషనే పెట్టకుండా వదిలేస్తే నష్టం ఎవరికి, ఎంత? చట్టం ఎవరిని ఆపుతుంది, ఎవరిని ఆపదు? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు రూలు ఏంటి?

1996 ఆగస్టు 22న అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంక్షేమ పథకాల సంస్కరణ చట్టంపై సంతకం చేశారు. అందులో 115వ సెక్షన్ ఉంది. డ్రగ్స్ కలిగి ఉండటం, వాడటం, అమ్మడం లాంటి విషయంలో ఫెలొనీ కింద శిక్ష పడిన వ్యక్తికి రెండు రకాల సాయం జీవితాంతం ఇవ్వకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. ఒకటి ఫుడ్ స్టాంపులు. ఇప్పుడు దీన్ని స్నాప్ అంటున్నారు. డబ్బు ఒక కార్డులో పడుతుంది, దానితో కిరాణా కొనుక్కోవాలి. రెండోది పిల్లలున్న పేద కుటుంబాలకు ఇచ్చే నగదు సాయం, టానఫ్.

ఈ సెక్షన్‌ను తెచ్చింది టెక్సస్ సెనేటర్ ఫిల్ గ్రామ్. సెనేట్‌లో దీనిపై చర్చ జరిగింది రెండంటే రెండు నిమిషాలు. అనుకూలంగా ఒక నిమిషం, వ్యతిరేకంగా ఒక నిమిషం. దాని ప్రభావం మాత్రం ముప్పై ఏళ్లుగా నడుస్తోంది.

ఇక్కడ మూడు విషయాలు గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది, రూలు ఫెలొనీలకే. అక్కడ నేరాలను స్థూలంగా రెండు రకాలుగా చూస్తారు. సాధారణంగా ఏడాదికి మించి జైలు శిక్షకు అవకాశం ఉన్నవి ఫెలొనీలు. అంతకంటే చిన్నవి మిస్‌డిమీనర్లు. మిస్‌డిమీనర్ డ్రగ్ కేసు వల్ల ఈ నిషేధం పడదు.

రెండోది, శిక్ష పడి ఉండాలి. అరెస్టు అయినంత మాత్రాన, కేసు నడుస్తున్నంత మాత్రాన సాయం పోదు.

మూడోది, నేరం 1996 ఆగస్టు 22 తర్వాత చేసినదై ఉండాలి. అంతకుముందు చేసిన నేరాలకు ఈ సెక్షన్ వర్తించదు.

రాష్ట్రానికో తీరు ఎందుకు?

అదే చట్టం రాష్ట్రాలకు ఒక దారి వదిలింది. ఏ రాష్ట్రమైనా తన శాసనసభలో చట్టం చేసుకుని ఈ నిషేధం తమకు వద్దని చెప్పొచ్చు, లేదా షరతులతో సడలించుకోవచ్చు. అందుకే ఒకే కేసు, ఒకే శిక్ష ఉన్న ఇద్దరు మనుషులకు రాష్ట్రం మారితే జవాబు మారిపోతుంది.

మనవాళ్లు ఎక్కువగా ఉండే ఇల్లినాయ్‌లో ఫుడ్ స్టాంపులకు ఈ నిషేధం లేదు. కాలిఫోర్నియా 2015లో ఎత్తేసింది. వర్జీనియా 2020లో తీసేసింది. టెక్సస్ 2015లో సడలించింది కానీ మెలిక పెట్టింది. శిక్ష పడినవాళ్లు అక్కడ ఫుడ్ స్టాంపులు తీసుకోవచ్చు. అయితే తీసుకుంటున్న సమయంలో పెరోల్ లేదా ప్రొబేషన్ షరతు తప్పితే రెండేళ్లు ఆగిపోతాయి. మళ్లీ డ్రగ్ ఫెలొనీలో శిక్ష పడితే శాశ్వతంగా పోతాయి. ఇంకొన్ని రాష్ట్రాలు డ్రగ్ టెస్టు చేయించుకోవాలనో, చికిత్సలో చేరాలనో షరతు పెట్టాయి. 2024 నాటికి ఫుడ్ స్టాంపుల మీద పూర్తి జీవితకాల నిషేధం అట్లాగే ఉంచిన రాష్ట్రం సౌత్ కరోలినా ఒక్కటే.

నగదు సాయం సంగతి వేరు. ఫుడ్ స్టాంపులకు ఓకే అన్న రాష్ట్రం టానఫ్‌కు కూడా ఓకే అనాలని లేదు. రెండూ విడివిడిగా అడగాలి.

ఇంట్లో ఒకరికి నిషేధం ఉంటే పిల్లల సంగతి?

చాలామంది పొరపడేది ఇక్కడే. నిషేధం శిక్ష పడిన వ్యక్తి మీద మాత్రమే. ఆ ఇంట్లోని భార్య, పిల్లలు, వృద్ధులైన తల్లిదండ్రులు తమ అర్హతను బట్టి తీసుకోవచ్చు. నిషేధం ఉన్న తండ్రి కూడా పిల్లల తరఫున అప్లికేషన్ పెట్టొచ్చు.

అయితే లెక్కలో ఒక చిక్కుంది. నిషేధం ఉన్న మనిషిని ఇంటి సభ్యుల సంఖ్యలో కలపరు. ఆయన సంపాదనను మాత్రం పూర్తిగా కలుపుతారు. అంటే తినేవాళ్ల లెక్కలో ఆయన ఉండడు, తెచ్చేవాళ్ల లెక్కలో ఉంటాడు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 2024 అక్టోబర్ నుంచి 2025 సెప్టెంబర్ వరకు అలాస్కా, హవాయి కాకుండా మిగతా 48 రాష్ట్రాల్లో నలుగురున్న ఇంటికి నెలకు గరిష్ఠంగా 975 డాలర్లు, ముగ్గురున్న ఇంటికి 768 డాలర్లు ఇచ్చారు. ఇంటి ఆదాయంలోంచి అద్దె లాంటి కొన్ని మినహాయింపులు తీసేశాక మిగిలిన దానిలో 30 శాతాన్ని ఈ గరిష్ఠం నుంచి తగ్గిస్తారు. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో మినహాయింపులు పోగా 1,000 డాలర్లు మిగిలాయనుకుందాం. దానిలో 30 శాతం 300. నిషేధం లేకపోతే 975లోంచి 300 పోగా 675 డాలర్లు వస్తాయి. తండ్రికి నిషేధం ఉంటే 768లోంచి అదే 300 పోయి 468 వస్తాయి. నెలకు 207 డాలర్లు తేడా. ఏడాదికి 2,484 డాలర్లు.

అంతటితో అయిపోదు. అర్హత చూసేటప్పుడు ఆదాయ పరిమితి కూడా ముగ్గురి ఇంటిదే పెడతారు. అది నలుగురి పరిమితి కంటే తక్కువ. తండ్రి జీతం మొత్తం కలిపి ముగ్గురి పరిమితితో పోల్చితే, కొన్ని ఇళ్లకు అసలు అర్హతే పోతుంది. పేరుకు శిక్ష ఒకరిదే అయినా కంచంలో తగ్గేది అందరికీ. 468 డాలర్లు తక్కువే కావచ్చు, కానీ అప్లికేషన్ పెట్టకపోతే వచ్చేది సున్నా.

మిగతా పథకాల్లో ఏముంది?

మెడికెయిడ్‌కు డ్రగ్ కేసు అడ్డం కాదు. జైల్లో ఉన్నన్నాళ్లు మాత్రం మామూలుగా వర్తించదు. గర్భిణులకు, పసిపిల్లలకు ఇచ్చే విక్ పథకానికి, బడిలో ఉచిత భోజనానికి ఈ నిషేధం లేదు.

ప్రభుత్వ సాయంతో నడిచే ఇళ్ల విషయంలో జాగ్రత్త పడాలి. ఆ ఇళ్ల ఆవరణలో మెథాంఫెటమిన్ తయారు చేసి శిక్ష పడినవాళ్లకు జీవితకాల నిషేధం ఉంది. డ్రగ్స్ కారణంగా అలాంటి ఇంటి నుంచి ఖాళీ చేయిస్తే మామూలుగా మూడేళ్లు మళ్లీ ఇవ్వరు. చికిత్స పూర్తి చేసినట్టు చూపిస్తే సడలింపు ఉంది. 2002లో అమెరికా సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ఇంట్లోవాళ్లో, వచ్చిన అతిథో డ్రగ్స్ వాడితే, అద్దెదారుకు ఆ సంగతి తెలియకపోయినా ఖాళీ చేయించొచ్చని తేల్చింది. అంటే మనవడి తప్పుకు అమ్మమ్మ ఇల్లు పోవచ్చు.

చదువు విషయంలో మాత్రం శుభవార్త. కాలేజీ ఆర్థిక సాయం ఫారంలో ఒకప్పుడు డ్రగ్ కేసు ఉందా అని అడిగేవాళ్లు. ఉంటే సాయం ఆగేది. 2020 చివర్లో చేసిన చట్టంతో ఆ అడ్డంకి తొలగింది. ఇప్పుడు ఫారంలో ఆ ప్రశ్నే లేదు.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఇంకా పెద్ద ముప్పు

పైన చెప్పిన లెక్కలన్నీ ముందు ఇమిగ్రేషన్ అర్హత ఉన్నవాళ్లకే. ఎఫ్-1 విద్యార్థులకు, హెచ్-1బి ఉద్యోగులకు ఫుడ్ స్టాంపులు రావు. అక్కడే పుట్టిన వాళ్ల పిల్లలు అమెరికా పౌరులు కాబట్టి, ఇంటి ఆదాయం తక్కువుంటే పిల్లల పేరున అడగొచ్చు. గ్రీన్ కార్డు ఉన్న పెద్దవాళ్లు చాలామంది ఐదేళ్లు ఆగాలి. 18 ఏళ్లలోపు పిల్లలకు ఆ ఆగడం లేదు.

పౌరసత్వం లేనివాళ్లకు డ్రగ్ కేసులో పోయేది ఫుడ్ స్టాంపులు మాత్రమే కాదు, దేశంలో ఉండే హక్కే. డ్రగ్ కేసులో శిక్ష పడితే, అది మిస్‌డిమీనర్ అయినా సరే, దేశం నుంచి పంపించేయొచ్చు. దీనికి చట్టంలో ఉన్న మినహాయింపు చాలా చిన్నది. సొంత వాడకానికి 30 గ్రాములు లేదా అంతకంటే తక్కువ గంజాయి ఉన్న ఒకే ఒక్క కేసుకు అది వర్తిస్తుంది. ఆ మినహాయింపు దేశంలో ఉన్నంతసేపే. పెళ్లికో, తండ్రి జనాజాకో హైదరాబాద్ వచ్చి తిరిగి వెళ్తే, పాత కేసు చూపించి ఎయిర్‌పోర్టులోనే ఆపే ప్రమాదం ఉంది. అందుకే టికెట్ కొనే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవాలి.

చికాగోలో గంజాయి లీగల్ కదా అనే మాట యువకుల నోట వినిపిస్తుంది. ఇల్లినాయ్‌లో 2020 జనవరి 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకు అది లీగలే. కేంద్ర చట్టంలో మాత్రం కాదు, ఇమిగ్రేషన్ నడిచేది కేంద్ర చట్టంతోనే. గంజాయి వాడినట్టు ఒప్పుకున్నా, గంజాయి దుకాణంలో పనిచేసినా పౌరసత్వం అప్లికేషన్ దెబ్బతినొచ్చని 2019లో ఇమిగ్రేషన్ శాఖ స్పష్టంగా చెప్పింది.

కోర్టులో "నేరం ఒప్పుకో, జైలు లేకుండా చూస్తాం" అన్నప్పుడు వెంటనే తలూపకూడదు. తర్వాత రాష్ట్రం ఆ కేసును రికార్డు నుంచి తుడిచేసినా, ఇమిగ్రేషన్ లెక్కలో అది చాలావరకు శిక్షగానే మిగులుతుంది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందా అన్నది క్లయింట్‌కు చెప్పడం లాయర్ బాధ్యత అని 2010లో పడియా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం ఇచ్చిన ఉచిత లాయర్ అయినా సరే, ఈ ప్రశ్న అడిగే హక్కు ఉంది.

అప్లై చేసేటప్పుడు

ఫారంలో డ్రగ్ ఫెలొనీ గురించి ప్రశ్న ఉంటే నిజమే రాయాలి. దాచి దొరికితే అది వేరే తప్పు. కావాలని అబద్ధం చెప్పినట్టు తేలితే మొదటిసారి ఏడాది, రెండోసారి రెండేళ్లు, మూడోసారి శాశ్వతంగా ఫుడ్ స్టాంపులు ఆపేస్తారు. నిజం చెప్పినా ఇచ్చే రాష్ట్రంలో అబద్ధం చెప్పి పోగొట్టుకోవడం కంటే నష్టం లేదు.

కోర్టు కాగితాలు దగ్గర పెట్టుకోవాలి. కేసు ఫెలొనీనా, మిస్‌డిమీనరా అన్నది వాటిలోనే ఉంటుంది. చికిత్స పూర్తి చేసి ఉంటే ఆ సర్టిఫికెట్ కూడా జత చేయాలి.

అప్లికేషన్‌పై 30 రోజుల్లో జవాబు రావాలి. ఇంట్లో తినడానికి లేని పరిస్థితి ఉంటే, అర్హులకు 7 రోజుల్లో ఇవ్వాలి. కాదన్నారంటే 90 రోజుల్లోపు అప్పీలు చేసి విచారణ కోరొచ్చు. అప్పటికే వస్తున్న సాయాన్ని ఆపుతామని నోటీసు వస్తే, ఆపే తేదీ కంటే ముందే అప్పీలు పెట్టాలి. అలా పెడితే తీర్పు వచ్చేదాకా సాయం కొనసాగించమని అడగొచ్చు. అప్పీలు ఓడిపోతే ఆ డబ్బు తిరిగి కట్టాల్సి రావచ్చు.

మన దగ్గర ఎలా ఉంది?

భారత్‌లో 2013 ఆహార భద్రత చట్టం కుటుంబ పరిస్థితిని బట్టి రేషన్ ఇస్తుంది. డ్రగ్ కేసులో శిక్ష పడినందుకు జీవితాంతం రేషన్ ఇవ్వకూడదనే సెక్షన్ ఆ చట్టంలో లేదు. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. నషాకు బానిసైన వ్యక్తి కొద్ది మోతాదుతో, లేదా వాడకం కేసులో దొరికితే, తనంతట తాను గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

నషా మానిపించడానికి సలహా కావాలంటే ఇక్కడ 14446కు, అమెరికాలో 1-800-662-4357కు ఫోన్ చేయొచ్చు. రెండూ ఉచితమే. అమెరికాలో ఉన్న కుటుంబం ముందుగా చేయాల్సిన పని మాత్రం ఒకటే. తమ రాష్ట్ర స్నాప్ ఆఫీసులో, లేదా ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో కోర్టు కాగితం చూపించి, "మా రాష్ట్రంలో ఈ కేసుకు నిషేధం ఉందా? ఉంటే పిల్లలకు ఎంత వస్తుంది?" అని రెండు ప్రశ్నలూ అడగాలి.