చలి ఉదయమున మొరాయించు మోటారుకారు

తెల్లవారకముందే సికింద్రాబాద్ స్టేషనుకు ప్రయాణికులను చేర్చవలసిన టాక్సీ డ్రైవరుకు గాని, వేళగాని వేళ గాంధీ ఆసుపత్రికి రోగిని తీసికొనిపోవలసిన గృహస్థునకు గాని, కారు కదలకపోవుట చిన్న విషయము కాదు. ఆ రెండింటికి దగ్గరలోనున్న మన చిలకలగూడ వీధులలో డిసెంబరు, జనవరి ఉదయములందు బోనెట్టు ఎత్తి నిలిచిన కార్లు కనబడుచునే యుండును. 'చలికి బ్యాటరీ పోయినది' అని తీర్పు చెప్పి, వేల రూపాయలు పోసి కొత్తది కొనుటయు, నెల తిరుగకముందే మరల అదే బాధ పడుటయు తరచుగా జరుగుచున్నది. రోగమును గుర్తింపక మందు మార్చిన ఫలితమిది.

నిజమునకు మన చలి అంత క్రూరమైనది కాదు. హైదరాబాదు నగరమున నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీలు. సాధారణ శీతకాలపు ఉదయములు అంతకంటె వెచ్చగానే యుండును. సున్నకు 18 డిగ్రీల దిగువన సైతము ఎంత విద్యుత్తు నీయగలదో పరీక్షించి బ్యాటరీల సామర్థ్యమును నిర్ణయింతురు. అట్టి బ్యాటరీ మన 12 డిగ్రీలకే లొంగిపోయినచో, అసలు దోషము వేరొకచోట నున్నదని గ్రహింపవలెను. తరచుగా ఆ దోషము వేసవిది. ఏప్రిల్, మే నెలల ఎండకు ఇంజను వేడి తోడై బ్యాటరీలోని నీటిని ఇంకించును. సీసపు పలకలను త్వరగా తినివేయును. ఎండ చేసిన గాయమును చలి బయటపెట్టును, అంతే.

చలిలో మూడు మార్పులు ఏకకాలమున జరుగును. బ్యాటరీలోని రసాయనిక చర్య మందగించును. ఇంజను నూనె చిక్కబడి, దానిని తిప్పుటకు ఎక్కువ బలము కావలసివచ్చును. పెట్రోలు సులభముగా ఆవిరి కాదు. 1912లో కాడిలాక్ కారులో విద్యుత్ స్టార్టరు ప్రవేశించుటకు పూర్వము ఈ బరువంతయు మనుష్యుని చేతిమీదనే పడెడిది. 2014 వరకు తయారైన మన అంబాసిడరు పాత నమూనాలలో చోక్ లాగి పెట్రోలు పాలు పెంచుట డ్రైవరు పని. నేటి కార్లలో ఆ పనిని ఇంజను వేడిని కొలుచు సెన్సారు, దాని మాట వినెడి కంప్యూటరు చేయుచున్నవి.

కావున కారు మొరాయించినప్పుడు మొదట చెవితో పరీక్షింపవలెను. లక్షణములు మూడు విధములు.

మొదటిది: తాళము తిప్పినను నిశ్శబ్దము, లేదా 'టిక్కు' మను చప్పుడు మాత్రమే. అప్పుడు ముందు దీపములు వెలిగించి మరల సెల్ఫ్ కొట్టవలెను. దీపములు పూర్తిగా మసకబారినచో బ్యాటరీయందో, తీగల కలయికయందో లోపము. వెలుగు తగ్గకున్నచో సెల్ఫ్ మోటారును, దాని స్విచ్చిని అనుమానింపవలెను.

రెండవది: ఇంజను మూల్గుచు నెమ్మదిగా తిరుగుట. రాత్రియంతయు ఆగియున్న కారులో వోల్టు మీటరు 12.6 చూపినచో బ్యాటరీ నిండుగా నున్నట్లు, 12.2 చూపినచో సుమారు సగమే మిగిలినట్లు. సెల్ఫ్ తిరుగునప్పుడు 9.6 కంటె దిగజారినచో బ్యాటరీ బలహీనమైనదని భావింపవచ్చును. అయితే తీర్పునకు ముందు టర్మినళ్లను చూడవలెను. మీటరు ఒక కొనను బ్యాటరీ సీసపు కొమ్ముపై, రెండవ కొనను దానికి బిగించిన క్లాంపుపై ఉంచి సెల్ఫ్ కొట్టించినప్పుడు అర వోల్టు కనబడినచో, అచ్చటి మురికియే విద్యుత్తునకు అడ్డు. మైనస్ తీగను మొదట విప్పి, వంట సోడా కలిపిన వేడినీటితో కడిగి, తుడిచి, గట్టిగా బిగించి, వ్యాజలీను పూయవలెను. బిగించునప్పుడు మైనస్ తీగ చివరిది. పిమ్మట ఇంజను నడుచుచుండగా మీటరు సుమారు 13.8 నుండి 14.4 వరకు చూపవలెను. చూపనిచో ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుటలేదు. అట్టి కారులో ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినను వృథాయే.

మూడవది: ఇంజను చురుకుగా తిరుగును గాని అంటుకొనదు. ఇచ్చట బ్యాటరీ నిర్దోషి. పెట్రోలు గాని, నిప్పురవ్వ గాని అందుటలేదు. తాళమును 'ఆన్' స్థానమున ఉంచినప్పుడు పెట్రోలు పంపు రెండు మూడు క్షణములు గుయ్యిమనునేమో వినవలెను. ఆ పిదప అరిగిన ప్లగ్గులను, వేడి సెన్సారును మెకానిక్కుచే చూపింపవలెను. డీజిలు కారులో హీటరు ప్లగ్గుల దీపము ఆరిన తరువాతనే సెల్ఫ్ కొట్టవలెను. ఒక్క ప్లగ్గు చెడినను చలి ఉదయమున ఇంజను వణకుచు తెల్లని పొగ విడుచును.

కొన్ని హెచ్చరికలు. సెల్ఫును ఒకేసారి పది క్షణములకు మించి తిప్పరాదు. అరనిమిషమైనను విశ్రాంతి నీయవలెను. ఆత్రముతో పదేపదే కొట్టినచో మిగిలిన శక్తియు హరించును. వేరొక కారు నుండి విద్యుత్తు తీసికొనునప్పుడు ప్లస్సును ప్లస్సుకు కలిపి, నల్లని తీగ చివరి కొనను మన బ్యాటరీకి దూరముగా ఇంజను లోహమునకు తగిలింపవలెను. బ్యాటరీ నుండి వెలువడు హైడ్రోజను వాయువు చిన్న నిప్పురవ్వకే పేలగలదు. మూసిన షెడ్డులో ఇంజనును నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు గాని ప్రాణము తీయు శక్తి గలదు.

వానలు వెనుకబట్టిన అక్టోబరు మాసముననే బ్యాటరీ వోల్టులను, టర్మినళ్లను, నూనెను ఒకమారు పరీక్షించుకొన్నచో జనవరి ఉదయము భయము లేదు. ఇందుకు కావలసినది కొద్ది వందల రూపాయల మీటరు, అరగంట సమయము. దానికి మించి కావలసినది, కారణము తెలిసికొనక ముందే తీర్పు చెప్పని ఓర్పు. భౌతిక, రసాయనిక శాస్త్రములు చదువుచున్న మన విద్యార్థులు తమ ఇంటి బోనెట్టు క్రిందనే ఆ ఓర్పును అభ్యసింపవచ్చును.