మొక్కజొన్న గింజలో మాంసకృత్తులు

పప్పు, పాలు లేక మొక్కజొన్న గటకతోనే పూట గడుపుకొను ఇండ్లలో, పసిపిల్లలకు కడుపు నిండినను ఒంటికి సత్తువ చాలదు. గింజలో మాంసకృత్తులు లేకపోలేదు. సాధారణముగా నూటికి పది వంతులకు అటునిటుగా నుండును. మరి కొరత ఎందులకు? శ్రోతలను మేము ముందుగా అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయపు పొలములకు తీసికొని పోవుదుము.

1896లో అచట హాప్కిన్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒకే రకమునకు చెందిన 163 కండెల గింజలను వేరువేరుగా పరీక్షించెను. చూపునకు ఒక్క తీరుగా నున్న ఆ కండెలలో మాంసకృత్తులు గాని, నూనె గాని ఒక్క పాళ్ళలో లేవు. మాంసకృత్తులు అధికముగా నున్నవానిని ఒకచోట, స్వల్పముగా నున్నవానిని మరియొకచోట విత్తి, తరము తరమునకు అటులే ఏరుచు పోయిరి. హాప్కిన్స్ గతించిన పిదపను ఈ పని సాగినది. తొలుత సగటున నూటికి 11 వంతులకు కొంచెము తక్కువగా నున్న మాంసకృత్తులు, డెబ్బదికి పైగా తరములు గడచునప్పటికి ఒక వంశమున 25 వంతులను మించినవి. మరియొక వంశమున 5 వంతులకు దిగువకు జారినవి. ఒక్క రకపు పంటలో ఇంత వైవిధ్యము దాగియున్నదని ఎవరనుకొందురు!

అయితే ఈ అంకెలను చూచి మురియరాదు. పెరిగినది ముఖ్యముగా జెయిన్ అను మాంసకృత్తు. మన దేహము స్వయముగా తయారుచేసికొనలేని లైసిన్, ట్రిప్టొఫాన్ అనునవి జెయిన్‌లో దాదాపు శూన్యము. అవి కొరవడినచో తక్కినవి ఎన్ని యున్నను దేహమునకు కండ పట్టదు.

1964లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయమున మెర్ట్‌జ్, బేట్స్, నెల్సన్ అనువారు ‘ఓపేక్-2’ అను జన్యువు గల గింజలో లైసిన్ మామూలు గింజలోకంటె ఒకటిన్నర రెట్లకు పైగా నున్నదని వెల్లడించిరి. సుద్దవలె తెల్లబారిన ఆ గింజ అంతకు పూర్వము తెలిసినదే. మన దేశమునను 1970 ప్రాంతములలో శక్తి, రతన్, ప్రోటీనా అను రకములు ఆ జన్యువుతో వెలువడినవి. రైతులు వానిని ఆదరింపలేదు. గింజ మెత్తన, తూకము తక్కువ, గాదెలో పురుగు త్వరగా పట్టును. రైతును తప్పుపట్టుటకు మాకు నోరాడదు.

మెక్సికోలో సురీందర్ వాసల్, ఇవాంజెలినా విలేగాస్ అనువారు ఓపేక్-2 వంశములలోనే గట్టి గింజలను ఏరి, తరము తరమునకు వాని గుణమును పరీక్షించుచు, రెండు లక్షణములను ఒక్క గింజలోనికి తెచ్చిరి. అందులకు 2000లో వారికి ప్రపంచ ఆహార బహుమానము లభించినది.

ఈ గింజ చూపునకు మామూలు మొక్కజొన్నవలెనే యుండును. పొరుగు చేని పుప్పొడి గాలికి వచ్చి పడినచో ఆ గింజలో సుగుణము తగ్గిపోవును. పైకి మాత్రము ఏమియు తెలియదు. కావున విత్తనపు చేనును ఇతర మొక్కజొన్న చేలకు దూరముగా వేయుదురు, గింజలను పరీక్షశాలలో చూచి గాని విత్తనమునకు తీయరు.