కంపెనీ వదిలేసిన ఆట... ఆటగాళ్లే నడిపిస్తున్నారు!

రెజ్యూమెలో ‘లీడర్‌షిప్ స్కిల్స్’, ‘టీమ్ ప్లేయర్’ అని రాసుకున్నారా? రాసుకునే ఉంటారు. మీ క్లాసులో అందరూ రాసుకున్నారు కాబట్టి దాంతో కొత్తగా వచ్చేదేమీ లేదు. ‘ఎక్కడ చూపించారు మీ లీడర్‌షిప్?’ అని ఇంటర్వ్యూలో అడుగుతారు. ‘టెక్ ఫెస్ట్‌లో కోఆర్డినేటర్‌ని సార్’ అంటారు మీరు. ‘సరే, మీరు లేకపోతే ఏం ఆగిపోయేది?’ అన్నది రెండో ప్రశ్న. అక్కడే చాలామంది నీళ్లు నములుతారు.

ఈ రెండో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగల మనుషులు కొందరున్నారు. వాళ్లకు జీతం లేదు, ఆఫీసు లేదు. ఒక కార్డుల ఆట మూతపడుతుంటే చూస్తూ ఊరుకోలేక, వాళ్లే ఒక సంస్థగా ఏర్పడి ఏళ్ల తరబడి నడిపిస్తున్నారు. వాళ్ల పని తీరు తెలుసుకుంటే, ఉద్యోగ వేటలో ఉన్న మీకు పనికొచ్చే విషయాలు చాలానే దొరుకుతాయి.

పేకాట కాదండోయ్!

కార్డులాట అనగానే ఇంట్లోవాళ్లు పేకాట అనుకుని కంగారు పడొచ్చు. ఇది వేరు. చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు ఆడారా? ఎత్తు, బరువు, ర్యాంకు చెప్పి అవతలివాడి కార్డు లాగేసుకునేవాళ్లం కదా! దానికి చదరంగమంత ఆలోచన జోడిస్తే వచ్చేదే కలెక్టబుల్ కార్డ్ గేమ్. ప్యాకెట్లు కొంటాం. ఏ కార్డులు వస్తాయో ముందు తెలియదు. కొన్ని మామూలువి, కొన్ని అరుదైనవి. వాటిలోంచి ఎంచుకుని మన సొంత కట్ట తయారుచేసుకుని ఎదుటివాళ్లతో ఆడతాం. 1993లో గణిత శాస్త్రవేత్త రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’తో ఈ తరహా ఆటలు మొదలయ్యాయి. ‘పోకెమాన్’ కార్డులు కూడా ఈ కుటుంబానివే.

ఈ ఆటలకు ఒక బలహీనత ఉంది. చదరంగం ఎవరి సొత్తూ కాదు, కంపెనీ మూతపడితే చదరంగం ఆగదు. కార్డ్ గేమ్ అలా కాదు. కొత్త కార్డులు రావాలి, రూల్స్‌లో అనుమానం వస్తే ఎవరో ఒకరు తేల్చాలి, టోర్నమెంట్లు జరగాలి. ఇవన్నీ చేసేది కంపెనీ. అది చేతులెత్తేస్తే మీ దగ్గరున్న వేల కార్డులు అట్టముక్కలే!

లైసెన్స్ పోయిన రోజు

సరిగ్గా అదే జరిగింది. అమెరికాలోని డిసైఫర్ అనే కంపెనీ 1995లో ‘స్టార్ వార్స్ కస్టమైజబుల్ కార్డ్ గేమ్’ తెచ్చింది. 60 కార్డుల కట్టతో ఆడే ఆట. ఒకరు వెలుగు పక్షం, ఇంకొకరు చీకటి పక్షం. కొన్నేళ్లు ఓ వెలుగు వెలిగింది. అయితే స్టార్ వార్స్ పేరు, బొమ్మలు డిసైఫర్‌వి కావు. లైసెన్స్ మీద వాడుకుంటోందంతే. 2001 చివర్లో ఆ లైసెన్స్ పోయింది, వేరే కంపెనీ చేతికి వెళ్లింది. కొత్త కార్డుల ముద్రణ ఆగిపోయింది.

ఇక్కడితో కథ ముగియాలి. కానీ 2002లో, డిసైఫర్ సహకారంతోనే, ఆటగాళ్లు ‘ప్లేయర్స్ కమిటీ’గా ఏర్పడ్డారు. అందరూ వాలంటీర్లే. రెండు దశాబ్దాలు దాటినా ఆ కమిటీ కార్డులు రూపొందిస్తూనే ఉంది, ప్రపంచ చాంపియన్‌షిప్ నిర్వహిస్తూనే ఉంది. కంపెనీ ఆటను నడిపింది ఆరేళ్లు. వాలంటీర్లు నడుపుతున్నది అంతకు మూడు రెట్లకు పైనే!

ఇదొక్కటే కాదు. అదే కంపెనీ తెచ్చిన ‘స్టార్ ట్రెక్’ కార్డ్ గేమ్ 2007లో ఆగిపోతే ‘ది కంటిన్యూయింగ్ కమిటీ’ పేరుతో ఆటగాళ్లు దాన్ని అందుకున్నారు. గార్‌ఫీల్డే రూపొందించిన ‘నెట్‌రన్నర్’ది ఇంకో దారి. 1996 నాటి ఆ ఆటను 2012లో మరో కంపెనీ కొత్త రూపంలో తెచ్చి, 2018లో లైసెన్స్ ముగిసి ఆపేసింది. అదే ఏడాది వాలంటీర్లు ఒక సంస్థ పెట్టి, 2019లోనే తొలి సెట్ విడుదల చేశారు. ఇప్పుడది ‘నల్ సిగ్నల్ గేమ్స్’ పేరుతో నడుస్తోంది.

కాగితం ముక్కే ఆయుధం

ప్లేయర్స్ కమిటీ ముందున్న ప్రశ్న ఇది: ప్రెస్ లేదు, లైసెన్స్ లేదు, డబ్బు లేదు. కొత్త కార్డులు ఎలా తేవాలి?

జవాబు చాలా తేలిక. ప్రతి ఆటగాడి దగ్గరా ఎవరూ వాడని బలహీనమైన కార్డులు గుట్టలుగా పడి ఉంటాయి. వాటికి కొత్త పని అప్పజెప్పారు. కొత్త రూల్ రాసిన కాగితం ముక్కను ఫైలుగా ఉచితంగా ఇస్తారు. మీరు ప్రింట్ తీసి, కత్తిరించి, ప్లాస్టిక్ కవర్‌లో పాత కార్డు మీద పెట్టుకుంటారు. దీన్నే ‘వర్చువల్ కార్డు’ అంటారు. పేరు పాతదే, చేసే పని కొత్తది. ముద్రణ ఖర్చు లేదు. పైగా అటకెక్కిన కార్డులకు మళ్లీ విలువొచ్చింది.

లేనిదాని గురించి ఏడవకుండా ఉన్నదానితో ఏం చేయొచ్చో చూడటం... ఇంజినీరింగ్ అంటే ఇదే కదా! ‘తక్కువ వనరులతో సమస్యను ఎలా పరిష్కరిస్తారు?’ అని హెచ్‌ఆర్ అడిగే ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకైతే కనిపించలేదు.

లోపల పనులు ఏముంటాయి?

‘కార్డులు గీసుకోవడమే కదా’ అనుకోకండి. ఇలాంటి సంస్థ ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలాగే ఉంటుంది.

డిజైన్: కొత్త కార్డుల ఆలోచన. ఒక్క పదం తేడా వచ్చినా ఆట మొత్తం తలకిందులవుతుంది. ‘చేయొచ్చు’కీ ‘చేయాలి’కీ మధ్య ఎంత దూరమో ఇక్కడ తెలుస్తుంది. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ రాసేవాళ్లకు ఇది రోజూ ఉండే పని.

ప్లేటెస్టింగ్: విడుదలకు ముందే కార్డును వందరకాలుగా ఆడి చూడటం. ‘ఈ కార్డును ఎలా దుర్వినియోగం చేయొచ్చు?’ అని వెతకడమే వీళ్ల పని. అచ్చంగా సాఫ్ట్‌వేర్ టెస్టింగే.

రూల్స్: పాత కార్డులు, కొత్త కార్డులు కలిసినప్పుడు వచ్చే గొడవలు తీర్చడం, సవరణలు ప్రకటించడం. మీరు చూసే ‘రిలీజ్ నోట్స్’ లాంటివే.

టెక్నాలజీ: కార్డుల డేటాబేస్, ఆన్‌లైన్‌లో ఆడుకునే వేదిక. నెట్‌రన్నర్ ఆడే ‘జింటెకి’ అనే వెబ్ వేదిక ఓపెన్ సోర్స్. దాని కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్పులు సూచించొచ్చు.

టోర్నమెంట్లు: ఇక్కడ కాస్త లెక్కలున్నాయి. 64 మంది వచ్చారనుకోండి. నాకౌట్ పెడితే మొదటి రౌండ్‌కే 32 మంది ఇంటికి. ఊరు దాటి వచ్చినవాడు గంటలో వెనక్కి వెళ్లిపోతే వచ్చేసారి రాడు. అందుకే ‘స్విస్ పద్ధతి’ వాడతారు. ప్రతి రౌండ్‌లో సమాన పాయింట్లు ఉన్నవాళ్లు తలపడతారు, ఎవరూ బయటకు పోరు. డ్రాలు లేకపోతే 6 రౌండ్లలో ఓటమి లేనివాళ్లు సరిగ్గా ఒక్కరే మిగులుతారు. ఒకసారి ఆడిన జంట మళ్లీ తలపడకుండా ఈ జతలు కలిపే ప్రోగ్రామ్ రాసి చూడండి. గ్రాఫ్ థియరీ పరీక్షలో రాసినదానికంటే బాగా ఒంటబడుతుంది. మినీ ప్రాజెక్టుకూ సరిపోతుంది.

అసలు పరీక్ష: నమ్మకం

ఉద్యోగంలో బాస్ చెప్తే చేస్తాం, జీతం వస్తుంది కాబట్టి. వాలంటీర్‌కు ఆ రెండూ లేవు. ఈరోజు నచ్చకపోతే రేపు రాడు. కాబట్టి ఇక్కడ పని చేయించుకోవాలంటే అధికారం పనికిరాదు. ఎందుకు చేయాలో చెప్పాలి, చిన్న చిన్న ముక్కలుగా ఇవ్వాలి, చేసినవాళ్ల పేరు పదిమందిలో చెప్పాలి. కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్లు తడబడేది ఇక్కడే.

ఇంకో చిక్కుముడి చూడండి. రాబోయే కార్డులు డిజైన్ బృందానికి ముందే తెలుస్తాయి. వాళ్లూ ఆటగాళ్లే. వాళ్లే టోర్నీలో దిగితే మిగతావాళ్లకు అన్యాయం కాదా? దిగొద్దంటే అంత ఇష్టంగా పనిచేసే వాలంటీర్లు దొరుకుతారా? కార్డులన్నీ ముందే బయటపెట్టి, అందరికీ సమాన సమయం ఇచ్చాకే టోర్నీలో అనుమతించడం ఒక మార్గం. మీరైతే ఏం చేస్తారు? ఓ కాగితం మీద నాలుగు లైన్లు రాసుకోండి. ‘కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్’ గురించి గ్రూప్ డిస్కషన్‌లో వచ్చినప్పుడు పుస్తకం మాటలు కాకుండా ఈ ఉదాహరణ చెప్పొచ్చు.

మూడోది కొత్తవాళ్లు. పాతవాళ్లకు ఎప్పుడూ ఇంకాస్త క్లిష్టమైన కార్డులు కావాలి. వాళ్ల మాటే వింటే కొత్తవాడు రూల్స్ చూసి పారిపోతాడు. పదేళ్లకు పాతవాళ్లే మిగులుతారు, ఆట ముసలిదైపోతుంది. నెట్‌రన్నర్ వాలంటీర్లు అందుకే 2021లో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ‘సిస్టమ్ గేట్‌వే’ అనే సెట్ తెచ్చారు. ప్రింట్ తీసుకుని ఆడుకునేలా ఫైళ్లు ఉచితంగా ఇచ్చారు. గట్టిగా అడిగేవాళ్ల కోసం కాదు, ఇంకా రానివాళ్ల కోసం ఆలోచించడమంటే అదీ!

రెజ్యూమెలో ఎలా రాయాలి?

‘గేమింగ్ క్లబ్ మెంబర్’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. చేసిన పని, దాని కొలత, ఫలితం... ఈ మూడూ ఒక్క వాక్యంలో ఉండాలి. మచ్చుకు: ‘40 మంది ఆటగాళ్ల టోర్నీకి జతలు కలిపే ప్రోగ్రామ్ పైథాన్‌లో రాశాను. గతంలో ప్రతి రౌండ్‌కూ పట్టే 20 నిమిషాలు 2 నిమిషాలకు తగ్గింది’. అంకెలు మీవి, నిజమైనవి అయ్యుండాలి. తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది మరి.

ఇంకో మాట. ఇది మీ కోర్ సబ్జెక్టుకు ప్రత్యామ్నాయం కాదు. కోడింగ్ రౌండ్ దాటకపోతే ఈ కథ వినిపించే అవకాశమే రాదు. దాటాక, ఒకే మార్కులున్న పదిమందిలో మిమ్మల్ని గుర్తుపెట్టుకునేలా చేసేది మాత్రం ఇదే.

ఊరికే చేయడానికీ హద్దుంది

‘జీతం లేకుండా పనెందుకు చేయాలి?’ అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. నేను ఒకే గీత గీస్తాను. మీ పని వల్ల వచ్చే లాభం అందరికీ చేరుతోందా, ఒకరి జేబులోకి పోతోందా? వాలంటీర్ సంస్థలో ఫలితం ఆటగాళ్లందరిదీ. లాభాల కోసం నడిచే కంపెనీ ‘అనుభవం వస్తుంది కదా’ అంటూ ఆరు నెలలు ఊరికే పనిచేయించుకుంటే అది వాలంటీరింగ్ కాదు. మొహమాటపడకుండా స్టైపెండ్ అడగండి.

చేరేముందే గడువు కూడా చెప్పేయండి. ‘సెమిస్టర్ పరీక్షల దాకా, వారానికి నాలుగు గంటలు’ అని చెప్తే ఎవరూ తప్పుపట్టరు. ఒప్పుకుని మాయమైతేనే చెడ్డపేరు. వెళ్లిపోయేటప్పుడు పాస్‌వర్డులు, ఫైళ్లు, చేసే విధానం రాసిపెట్టి ఇంకొకరికి అప్పగించండి. ఇరవై ఏళ్లు నిలిచే సంస్థకూ ఇరవై రోజుల వాట్సాప్ గ్రూపుకూ తేడా ఈ అప్పగింతలోనే ఉంది.

మీరూ మొదలుపెట్టొచ్చు

ఇందుకు స్టార్ వార్స్ కార్డులే అక్కర్లేదు. చెస్ క్లబ్, క్విజ్ క్లబ్, రోబోటిక్స్ బృందం... ఏదైనా పర్వాలేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను నేటికీ వాలంటీర్లే రాస్తున్నారు. అక్కడ ఒక వ్యాసం సరిదిద్దినా అనుభవమే.

సొంతంగా పెడితే ఇవి గుర్తుంచుకోండి:

* డబ్బు: ఫీజులు ఎవరో ఒకరి యూపీఐకి పోకూడదు. సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. లెక్క ప్రతినెలా అందరికీ చూపించండి. పెద్దదైతే రిజిస్టర్ చేయించండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు.

* హక్కులు: మన దేశంలో కాపీరైట్ ఆలోచనకు ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకు ఉంటుంది. ఆట పద్ధతి చూసి నేర్చుకోవచ్చు. ఇంకొకరి బొమ్మలు, లోగో, పేరు వాడి అమ్ముకోకూడదు.

* రూల్స్: తగాదా వచ్చాక కాదు, రాకముందే రాసుకోండి. తీర్పు ఎవరిదో కూడా అందులోనే ఉండాలి.

* పదవులు: ప్రతి పదవికీ గడువు, ప్రతి పనికీ ఇద్దరు. ఒకరు ఊరెళ్లినా పని ఆగకూడదు.

ఇవన్నీ పాటిస్తే, ‘మీరు లేకపోతే ఏం ఆగిపోయేది?’ అన్న ప్రశ్నకు మీ జవాబు మారిపోతుంది. ‘ఏమీ ఆగేది కాదు సార్. ఆగకుండా ఉండేలా ఏర్పాటు చేసిందే నేను’ అని చెప్పొచ్చు. రేపు ఏ టీమ్ లీడ్ అయినా వెతికేది ఆ మాట అనగలిగే మనిషినే.