గండికోట అందాలు.. అంచుకు ఇవతల నుంచే!

మండవల్లి: కొల్లేటి తీరంలో ‘గండి’ అన్న మాట వింటేనే రైతు గుండె ఝల్లుమంటుంది. వరద పోటుకు కాలువ గట్టు తెగినా, చేపల చెరువు కట్ట కొట్టుకుపోయినా గండి పడిందంటారు. అదే మాట కడప జిల్లాలో ఒక కోటకు పేరయింది. అక్కడ నీరు కోసింది మట్టి కట్టను కాదు, కొండను. పెన్నా నది ఎర్రమల కొండలను యుగాల తరబడి కోసుకుంటూ ఏర్పరచిన గండి ఒడ్డున వెలసినందునే అది గండికోట అయింది.

‘భారతదేశపు గ్రాండ్ క్యానియన్’గా పేరు పడిన ఈ లోయను చూసేందుకు, చిత్రాలు తీసుకునేందుకు రాష్ట్రం నలుమూలల నుంచి పర్యాటకులు వస్తున్నారు. కొల్లేటి ప్రాంతపు ఛాయాచిత్రకారులకు కూడా శీతకాలపు సెలవుల్లో ఇది చక్కటి యాత్ర. అయితే నీరు, ఆకాశం తప్ప ఎత్తుపల్లాలు ఎరుగని బల్లపరుపు నేల మీద పెరిగినవారు నిట్టనిలువు లోయ అంచుకు చేరినప్పుడు కొన్ని సంగతులు ముందే తెలిసి ఉండాలి. కొల్లేటిలో ఎత్తును ఐదో కాంటూరు, పదో కాంటూరు అంటూ అడుగుల్లో లెక్కిస్తారు. గండికోటలో ఒక్క అడుగు తప్పితే పడేది వందల అడుగుల లోతుకు.

ఎడారి కాదు.. ఎండ మాత్రం తక్కువ కాదు

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది తొలిచిన గ్రాండ్ క్యానియన్ పొడవు సుమారు 446 కిలోమీటర్లు. కొన్నిచోట్ల దాని లోతు కిలోమీటరున్నర దాటుతుంది. పరిమాణంలో గండికోటకు దానితో పోలిక లేదు. పోలిక ఉన్నదల్లా రూపంలోనే. పొరలు పొరలుగా పేర్చినట్లున్న ఎర్రని రాతి గోడలు, అడుగున నది, చుట్టూ ముళ్లపొదలు, చెట్టు నీడ దొరకని బండల మైదానం రెండుచోట్లా కనిపిస్తాయి.

రాయలసీమ ఎడారి కాదు. వర్షపాతం తక్కువగా ఉండే మెట్ట ప్రాంతం. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. గాలిలో తేమ తక్కువ కావడంతో పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చెమటతో బట్టలు తడిసే కోస్తా వాసికి తన ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియదు. దాహం వేసే వరకు ఆగకుండా మధ్యమధ్య నీరు తాగుతుండాలి. సగం రోజు నడిచే ఒక్కొక్కరికి మూడు లీటర్ల నీరు, ఓఆర్ఎస్ పొట్లాలు, టోపీ వెంట ఉండాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు యాత్రకు అనువైన కాలం.

గ్రానైటు అనుకుంటే పొరపాటు

గండికోట గోడలు ఎర్ర గ్రానైటువని చాలామంది రాస్తుంటారు. అది సరికాదు. ఇవి క్వార్ట్‌జైట్ శిలలు. ఒకప్పటి సముద్రపు ఒడ్డున, లోతులేని నీళ్లలో పేరుకున్న ఇసుక గట్టిపడి రాయిగా మారింది. ఈ శిలా పొరలను భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ఊరి పేరుతోనే ‘గండికోట క్వార్ట్‌జైట్’ అని పిలుస్తారు. రాతిలోని ఇనుము ఆక్సైడు వల్ల ఎరుపు రంగు వచ్చింది.

ఈ వివరం శాస్త్ర విద్యార్థులకే పరిమితం కాదు. అంచున నిలబడే వారి ప్రాణాలకు సంబంధించినది కూడా. ఈ రాయి కఠినమైనదే కానీ ఏకశిల కాదు. పొరల మధ్య అడ్డంగా సందులు, పై నుంచి కిందికి నిలువుగా బీటలు ఉంటాయి. నిలువు బీట వెంట నీరు దిగి, కింది మెత్తటి పొర అరిగిపోయినప్పుడు పై బండ ఆధారం కోల్పోతుంది. కొంతకాలానికి దిమ్మెగా ఊడి లోయలో పడుతుంది. లోయ గోడలు నిట్టనిలువుగా ఉండటానికి, దానిలో పెద్దపెద్ద బండలు పడి ఉండటానికి కారణమిదే. పైన నిల్చున్నవారికి కాలి కింద బండ గట్టిగానే కనిపిస్తుంది. దాని కింద ఏముందో, అసలు ఏమైనా ఉందో లేదో కనిపించదు. వాన పడిన తరువాత నునుపు తేలిన రాతిపై బూట్లు కూడా జారతాయి.

స్వీయచిత్రాల మోజులో జరిగిన మరణాలపై 2018లో వెలువడిన ఒక వైద్య అధ్యయనం, 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు వరకు ప్రపంచవ్యాప్తంగా వార్తలకెక్కిన 259 మరణాలను పరిశీలించింది. వాటిలో 159 భారతదేశంలోనివే. నీట మునగడం, ఎత్తు నుంచి పడిపోవడం ప్రధాన కారణాల్లో ఉన్నాయి. గండికోటలో ఈ రెండింటికీ అవకాశం ఒకేచోట ఉంది.

పక్షుల కెమెరాయే ఇక్కడ మేలు

లోయ చిత్రం బాగా రావాలంటే అంచు దాకా వెళ్లాలన్నది అపోహ. అంచున నిలబడి కిందికి తీసిన చిత్రంలో లోతు తెలియదు. దగ్గరి బండ, దూరపు గోడ, నడుమ నది మూడూ చట్రంలో ఉన్నప్పుడే చూసేవారికి లోతు స్ఫురిస్తుంది. అందుకు అంచుకు పది పన్నెండు అడుగులు ఇవతల, కాస్త ఎత్తుగా ఉన్న చోటు చూసుకోవాలి. అప్పుడు దగ్గరి బండలు చిత్రానికి ముందుభాగంగా అమరుతాయి.

ఆటపాక పక్షుల కేంద్రంలో పెలికాన్లను చిత్రీకరించేవారి వద్ద దూరపు దృశ్యాలను దగ్గరకు తెచ్చే టెలీ లెన్సులు ఉంటాయి. లోయకు వైడ్ యాంగిల్ లెన్సే కావాలనుకుని వాటిని ఇంట్లో వదిలి వెళ్లనక్కరలేదు. ఎదుటి గోడలోని పొరలు, నది వంపులు ఒకదాని వెనుక మరొకటి ఒదిగిన తీరు, బండ సందులో మొలిచిన ఒంటరి మొక్క టెలీ లెన్సులోనే బాగా చిక్కుతాయి. అంచుకు దూరంగా, స్థిమితంగా కూర్చుని తీయవచ్చు. గూటికి దగ్గరగా వెళ్తే పక్షి బెదురుతుందని కొల్లేటిలో అలవరచుకున్న దూరం, ఓర్పు ఇక్కడ మనిషినే కాపాడతాయి.

వెలుగు లెక్క తెలియాలి

పెన్నా పడమటి నుంచి తూర్పు దిశగా ప్రవహిస్తుంది. కోట నదికి కుడిగట్టున, అంటే దక్షిణం వైపున ఉంది. శీతకాలంలో సూర్యుడు దక్షిణానికి ఒదిగి పయనిస్తాడు కాబట్టి కోటవైపు గోడ చాలావరకు నీడలో ఉండి, ఎదుటి గోడ వెలుగులో ఉంటుంది. ఉదయం ఆగ్నేయం నుంచి, సాయంత్రం నైరుతి నుంచి ఏటవాలుగా పడే కిరణాలు ఒక్కొక్క పొర కింద సన్నని నీడ గీస్తాయి. రాతి పొరలు విడివిడిగా కనిపించేది ఆ గంటసేపే. మధ్యాహ్నం తీస్తే గోడ చదునుగా, రంగు వెలిసిపోయినట్లు వస్తుంది. డిసెంబరు చివర ఇక్కడ ఉదయం ఆరున్నర దాటాకే సూర్యుడు ఉదయిస్తాడు. అరగంట ముందు చేరుకుంటే చాలు.

ఆకాశం మెరుస్తూ, లోయ అడుగు చీకటిగా ఉండటం ఇక్కడి పెద్ద చిక్కు. రెంటినీ ఒకే చిత్రంలో కెమెరా పూర్తిగా పట్టలేదు. ఆకాశానికి సరిపడేలా వెలుతురు లెక్క పెట్టి, నీడలను తరువాత కంప్యూటరులో కొంత తేలిక పరచుకోవచ్చు. సెల్‌ఫోనులో అయితే తెరపై ఆకాశమున్న భాగాన్ని తాకి, వెలుతురు కాస్త తగ్గించి తీయాలి. రంగుల లెక్కను కెమెరాకే వదిలేస్తే ఎర్రరాయిని బూడిద రంగుకు దగ్గరగా తెచ్చే అవకాశముంది. వైట్ బ్యాలెన్సును ‘డేలైట్’లో ఉంచితే రాతి రంగు నిలుస్తుంది. నీటిపైన, తడి రాతిపైన మెరుపు తగ్గించేందుకు పోలరైజర్ ఫిల్టరు ఉపయోగపడుతుంది. ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉంచితే దగ్గరి బండ నుంచి దూరపు గోడ వరకు స్పష్టంగా వస్తుంది.

నది కనిపించినంత శాంతం కాదు

లోయ అడుగున కనిపించే నీటికి దిగువన మైలవరం జలాశయం ఉంది. ఎగువన 26.85 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన గండికోట జలాశయం ఉంది. లోయలో నీటిమట్టం ఈ రెండింటిని బట్టి మారుతుంటుంది. పైన ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన నది పెరగదని అనుకోరాదు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి అనంతపురం ప్రాంతం మీదుగా వచ్చే పెన్నాకు ఎగువన కురిసిన వానతోనూ వరద వస్తుంది.

ఇందుకు అమెరికాలోని యాంటిలోప్ క్యానియన్ ఒక హెచ్చరిక. ఛాయాచిత్రకారులకు ప్రీతిపాత్రమైన ఆ ఇరుకు లోయలో 1997 ఆగస్టు 12న ఎగువన ఎక్కడో కురిసిన వానకు ఒక్కసారిగా నీరు వచ్చి 11 మంది పర్యాటకులు మరణించారు. వారున్న చోట ఆ సమయంలో చెప్పుకోదగ్గ వానే లేదు. ఇప్పుడు అక్కడ గైడు వెంట లేనిదే ఎవరినీ లోనికి వెళ్లనివ్వరు. గండికోటలో నదిలోకి దిగే దారి నిటారుగా, బండల మయంగా ఉంటుంది. స్థానికుల తోడు లేకుండా, ఎగువ నుంచి నీరు వదులుతున్నారో లేదో తెలుసుకోకుండా దిగడం తగదు.

కోటలోనూ కట్టుబాట్లు

లోయ ఒక్కటే చూసి వెనుదిరిగితే యాత్ర సగమే. పెమ్మసాని నాయకుల ఏలుబడితో ముడిపడిన ఈ కోటలో మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామియా మసీదు, ధాన్యాగారం చూడదగినవి. 17వ శతాబ్దంలో కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఆయనను ఇక్కడే కలుసుకున్నాడు. రక్షిత కట్టడాలపై పేర్లు చెక్కడం, రాయడం 1958 నాటి పురావస్తు చట్టం కింద శిక్షార్హం. దీనికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. డ్రోను ఎగురవేయదలచినవారు, ట్రైపాడ్ వాడదలచినవారు ముందుగా అనుమతి విషయం తెలుసుకోవాలి. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. రాకపోకలు పెరిగేకొద్దీ ఈ కట్టుబాట్ల అవసరం మరింత పెరుగుతుంది.

వెళ్లేది ఇలా..

మండవల్లి నుంచి గుడివాడ మీదుగా విజయవాడ చేరుకుని, అక్కడి నుంచి గుంటూరు మీదుగా నంద్యాలకు రైలులో వెళ్లవచ్చు. నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గంలో జమ్మలమడుగు స్టేషను ఉంది. అక్కడి నుంచి గండికోటకు రోడ్డు మీద సుమారు 15 కిలోమీటర్లు. పర్యాటక శాఖ హోటలు కోట సమీపంలోనే ఉంది. సెలవు రోజుల్లో రద్దీ ఉంటుంది కాబట్టి గది ముందుగా మాట్లాడుకోవడం మంచిది.

ఒక్క జాగ్రత్త మాత్రం చాలామంది మరచిపోతుంటారు. సూర్యాస్తమయం చిత్రీకరించాలంటే చీకటి పడే వరకు లోయ పక్కనే ఉండాలి. తిరిగి రావలసింది మాత్రం బండల మీదుగా, వెలుతురు లేని దారిలో. ఫోను దీపాన్ని నమ్ముకుంటే చిత్రాలు తీసి తీసి బ్యాటరీ అప్పటికే అయిపోయి ఉంటుంది. తలకు కట్టుకునే టార్చి ఒకటి, పిల్లలను చేయిపట్టి నడిపించే పెద్దలు, వచ్చేటప్పుడే చూసి పెట్టుకున్న తిరుగు దారి ఉంటే కొల్లేటి తీరం నుంచి బయలుదేరినవారు లోయ చిత్రాలతో క్షేమంగా ఇల్లు చేరుతారు.